ఒక్క టెస్ట్ ఆడిన ఫెయిత్ థామస్: మన పిల్లలు ఎందుకు తెలుసుకోవాలి?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఆటల గురించి నాలుగు మాటలు చెప్పమని మన సంఘం వాళ్లు నన్ను అడిగారు. ఆటలనగానే మీరు క్రికెట్ అంటారు, క్రికెట్ అనగానే టీవీలో రోజూ కనబడే పేర్లు చెబుతారు. వాళ్ల గురించి నాకంటే మీకే ఎక్కువ తెలుసు. అందుకని ఈ రోజు మీరు విని ఉండని ఒకామె గురించి చెబుతాను. ఆమె మన దేశం మనిషి కాదు. సముద్రం అవతల, ఆస్ట్రేలియాలో పుట్టిన ఆదివాసీ బిడ్డ. పేరు ఫెయిత్ థామస్. ఆమె దేశం తరఫున ఆడింది ఒకే ఒక్క టెస్ట్. అయినా ఆమె పేరు మీద ఇవాళ అక్కడ పెద్ద జట్ల మధ్య ఏటా ఒక ట్రోఫీ నడుస్తోంది. ఒక్క మ్యాచ్ ఆడిన మనిషికి అంత గౌరవం ఎందుకు? నా మాటలన్నీ ఆ ప్రశ్నకు జవాబే.

ముందు ఆమె పుట్టిన చోటు చూద్దాం. దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రంలో ఉత్తరాన ఫ్లిండర్స్ కొండలున్నాయి. ఎర్రటి రాళ్లు, తక్కువ వానలు. ఆ కొండల్లో నెపబున్న అనే చోట 1933 ఫిబ్రవరి 22న ఆమె పుట్టింది. తల్లిది అడ్న్యమతన తెగ. ఆ మాటకు వాళ్ల భాషలో 'రాళ్ల జనం, కొండ జనం' అని అర్థం. మనలో కొండరెడ్లు, కొండదొరలు లేరా, అలాగే. తండ్రి జర్మనీ నుంచి వచ్చినవాడు. పుట్టినప్పుడు బిడ్డకు పెట్టిన పేరు తిన్నిఫా. ఫెయిత్ అన్నది తరువాత వచ్చిన పేరు. క్రికెట్ ఆడే రోజుల్లో ఫెయిత్ కోల్తార్డ్, పెళ్లయ్యాక ఫెయిత్ థామస్. ఒక మనిషికి ఇన్ని పేర్లు ఎలా వచ్చాయో మన పిల్లలకు విడమరచి చెప్పక్కర లేదు. బడిలో చేర్పించిన రోజున పేరు మారిపోయినవాళ్లు ఈ సభలోనే చాలామంది ఉంటారు.

పసిబిడ్డగా ఉన్నప్పుడే తల్లి ఆమెను క్వార్న్ అనే ఊళ్లో ఉన్న కోల్‌బ్రూక్ హోమ్‌కు తెచ్చి అప్పగించింది. అది ఆదివాసీ పిల్లల కోసం మిషనరీలు నడిపిన వసతి గృహం. తరువాత, 1944లో, దాన్ని అడిలైడ్ నగరం పక్కనున్న ఈడెన్ హిల్స్‌కు మార్చారు. ఫెయిత్ అక్కడే పెరిగింది.

వార్డెన్‌గా పనిచేస్తున్నదాన్ని కాబట్టి ఈ భాగం మీద కొంచెం నిలబడతాను. ఆ రోజుల్లో ఆస్ట్రేలియాలో ప్రభుత్వమే ఆదివాసీ తల్లుల ఒడిలోంచి పిల్లల్ని తీసుకుపోయి ఇలాంటి హోముల్లో పెట్టేది. వాళ్లను ఇప్పుడు 'దొంగిలించబడిన తరాలు' అంటున్నారు. ఆ పని తప్పని 2008 ఫిబ్రవరి 13న ఆ దేశ ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో నిలబడి క్షమాపణ చెప్పారు. అదే కోల్‌బ్రూక్‌లో లొవిజా ఓడొనహ్యూ అనే ఆమె కూడా పెరిగింది. రెండేళ్ల వయసులో తల్లికి దూరమైన ఆ పిల్ల మళ్లీ తల్లి ముఖం చూడ్డానికి ముప్పై ఏళ్లు పైనే పట్టింది. ఆ మనిషే తరువాత ఆస్ట్రేలియా ఆదివాసుల జాతీయ కమిషన్‌కు మొదటి అధ్యక్షురాలైంది. ఫెయిత్ సంగతి వేరు. ఆమెను తల్లి తానుగా తెచ్చి అప్పగించింది. కాని ఆ గోడల మధ్య ఆమెతో పాటు పెరిగినవాళ్లలో ఎందరివో దొంగిలించబడిన బతుకులు.

మన హాస్టళ్లు అలాంటివి కావు. మన పిల్లలు అమ్మానాన్నలు చేర్పిస్తే వస్తారు, పండగకు ఇంటికి పోతారు, కొత్త తినే పండగకో విత్తనాల పండగకో రెండు రోజులు ఆలస్యంగా తిరిగి వస్తారు. వచ్చేటప్పుడు సంచిలో ఇప్పపువ్వో, చింతపండో, అమ్మ చేసిన జొన్నరొట్టో తెస్తారు. ఆ దారి ఎప్పుడూ తెరిచి ఉండాలి. హాస్టల్లో కోయ మాట్లాడితే, గోండి మాట్లాడితే, కువి, సవర మాట్లాడితే తప్పు పట్టే పెద్దలు ఎక్కడైనా ఉంటే వాళ్లు కోల్‌బ్రూక్ చరిత్ర ఒకసారి చదవాలి. చదువు ఇచ్చి ఇల్లు తీసుకుంటే ఆ లెక్క సరిపోదు.

సరే, ఆటకు వద్దాం. ఆ హోములో పిల్లలకు బ్యాట్లు, బంతులు కొనిచ్చేవాళ్లు ఎవరున్నారు? దొరికిన చెక్క బ్యాట్, దొరికిన రాయి బంతి. ఫెయిత్ పెద్దయ్యాక ఫాస్ట్ బౌలర్ అయింది. అంత వేగం ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, గాలా చిలుకల మీద రాళ్లు విసిరి నేర్చుకున్నానని చెప్పేది. గాలాలంటే అక్కడ గుంపులు గుంపులుగా తిరిగే గులాబీ రంగు చిలుకలు.

ఈ మాట విని మా పిల్లలు నవ్వుతున్నారు. ఎందుకంటే మీకు తెలుసు. జొన్నచేలో మంచె ఎక్కి, వడిసెలతో చిలుకల్ని తోలిన చేతులు ఇక్కడ ఎన్ని లేవు! గురి, మణికట్టు, భుజం బలం, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడే ఓపిక. వీటిని నగరంలో ఫీజు కట్టి నేర్చుకుంటారు. మనకు అవి పనిలో వస్తాయి. అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. రాయి విసరడం వచ్చినంత మాత్రాన ఎవరూ దేశానికి ఆడలేదు. చేతికి బలం ఉంటుంది, దాన్ని మైదానం దాకా తీసుకుపోయే మనిషి ఒకరు కావాలి. ఫెయిత్ జీవితంలో ఆ మనిషి ఎలా దొరికిందో వినండి.

చదువయ్యాక ఫెయిత్ నర్సు కావాలనుకుంది. ఆ రోజుల్లో అడిలైడ్‌లో ఆదివాసీ అమ్మాయిని నర్సు శిక్షణకు తీసుకోవడం అంత సులువు కాదు. ఇందాక చెప్పిన లొవిజాను రాయల్ అడిలైడ్ ఆసుపత్రి మొదట చేర్చుకోనంది. ఆమె పోరాడి చేరింది. ఆ ఆసుపత్రిలో శిక్షణ పూర్తి చేసిన మొదటి ఆదివాసీ నర్సుల్లో ఫెయిత్ ఒకరు. అది 1954. అక్కడ తోటి నర్సు ఒకామె, మేం క్రికెట్ ఆడతాం, నువ్వూ రా అని పిలిచింది. ఆడవాళ్లకు క్రికెట్ జట్లు ఉంటాయన్న సంగతి కూడా అప్పటి దాకా ఫెయిత్‌కు తెలియదు. ఊరికే పిలిచిన ఆ పిలుపే తలుపు తీసింది.

క్లబ్ మ్యాచ్‌లలో ఆమె బంతి పట్టుకుంటే అవతలివాళ్లకు ఆడటం కష్టమైంది. హ్యాట్రిక్ తీసింది. ఒక మ్యాచ్‌లో ఒక్క పరుగు కూడా ఇవ్వకుండా ఆరు వికెట్లు తీసింది. నాలుగు మ్యాచ్‌లు తిరక్కుండానే దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్ర జట్టు ఆమెను పిలిచింది. ఆ తరువాత దేశం జట్టు.

1958 ఫిబ్రవరి. మెల్‌బోర్న్ నగరంలో జంక్షన్ ఓవల్ మైదానం. ఇంగ్లండ్‌తో టెస్ట్. ఆ మ్యాచ్ జరుగుతున్న రోజుల్లోనే ఫెయిత్‌కు 25 ఏళ్లు నిండాయి. ఆస్ట్రేలియా తరఫున టెస్ట్ ఆడిన మొదటి ఆదివాసీ మహిళ ఆమె. ఏ ఆటలోనైనా ఆ దేశానికి ప్రాతినిధ్యం వహించిన మొదటి ఆదివాసీ మహిళ కూడా ఆమే.

ఆ మ్యాచ్ క్రికెట్ చరిత్రలోనే ఒక వింత. వాన పడి తడిసిన పిచ్ మీద ఆస్ట్రేలియా 38 పరుగులకు ఆలౌటైంది. ఇంగ్లండ్ 35కే కుప్పకూలింది. ఆస్ట్రేలియా క్రీడాకారిణి బెట్టీ విల్సన్ 7 పరుగులిచ్చి 7 వికెట్లు తీసింది, అందులో హ్యాట్రిక్ కూడా ఉంది. మహిళల టెస్టుల్లో అదే మొదటి హ్యాట్రిక్. రెండో ఇన్నింగ్స్‌లో సెంచరీ కొట్టి, మళ్లీ 4 వికెట్లు తీసింది. ఒకే టెస్ట్‌లో సెంచరీ, పది వికెట్లు సాధించినవాళ్లు అంతకు ముందు మగవాళ్లలో కూడా లేరు. చివరికి మ్యాచ్ డ్రా అయింది. అంటే ఆ టెస్ట్ స్కోరు పుస్తకంలో పెద్ద అక్షరాల పేరు ఫెయిత్‌ది కాదు, బెట్టీ విల్సన్‌ది. ఇది దాచవలసిన విషయం కాదు. మొదటిసారి వెళ్లినవాళ్లందరూ రికార్డులు బద్దలు కొట్టాలన్న నియమం లేదు. జట్టులో ఆమె పేరు ఉంది, మైదానంలో ఆమె నిలబడింది. అది చాలు.

ఎందుకు చాలో చెబుతాను. ఆ దేశ రాజ్యాంగంలో అప్పుడు ఒక వాక్యం ఉండేది. జనాభా లెక్కించేటప్పుడు ఆదివాసులను లెక్కలోకి తీసుకోకూడదని. 1967లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి, నూటికి తొంభై మంది సరే అన్నాక దాన్ని తీసేశారు. అంటే ఫెయిత్ దేశం టోపీ పెట్టుకుని ఆడిన రోజున, ఆమె జనాన్ని లెక్కించకూడదని ఆ దేశం చట్టమే చెబుతోంది.

ఇంకా వెనక్కి వెళ్తే మరో సంగతి. ఆస్ట్రేలియా నుంచి ఇంగ్లండ్‌కు వెళ్లిన మొట్టమొదటి క్రికెట్ జట్టు ఎవరిదో తెలుసా? ఆదివాసులది. 1868లో. 47 మ్యాచ్‌లు ఆడారు, 14 గెలిచారు, 14 ఓడారు, మిగిలినవి డ్రా. వాళ్లలో జానీ ముల్లాగ్ అనే ఆటగాడు 1,698 పరుగులు చేసి, 245 వికెట్లు తీశాడు. కింగ్ కోల్ అని పిలిచే ఆటగాడు ఆ పర్యటనలోనే జబ్బుచేసి చనిపోతే లండన్‌లోనే పూడ్చిపెట్టారు. అంత ఆడి వచ్చినవాళ్లకు మరుసటి ఏడు ఏం దక్కింది? 1869లో వాళ్ల విక్టోరియా ప్రాంతంలో ఒక చట్టం వచ్చింది. రక్షణ అని పేరు పెట్టి, ఆదివాసీ ఎక్కడ ఉండాలో, ఏ పని చేయాలో ప్రభుత్వమే నిర్ణయించే చట్టం. ఆట ఆగిపోయింది. ఆ తరువాత మగవాళ్ల టెస్ట్ జట్టులో ఆదివాసీ మూలాలున్న ఆటగాడిగా గుర్తింపు పొందిన మొదటివాడు జేసన్ గిలెస్పీ. అది 1996. ఇప్పుడు లెక్క చూడండి. మగవాళ్లకంటే 38 ఏళ్ల ముందే ఒక ఆదివాసీ ఆడబిడ్డ ఆ గీత దాటింది. ఆడపిల్లకు ఆటలెందుకు అనే పెద్దలు ఈ అంకె గుర్తుపెట్టుకోవాలి.

ఇక ఆమె కెరీర్ ఒక్క టెస్టుతో ఎందుకు ఆగింది? గాయమా, జట్టులోంచి తీసేశారా? కాదు. ఇంగ్లండ్ పర్యటనకు ఆమెకు పిలుపు వచ్చింది. ఆమే వద్దంది. అప్పట్లో ప్రయాణం ఓడ మీద. వెళ్లి, ఆడి, రావడానికి నెలలు పడుతుంది. ఆడవాళ్ల క్రికెట్‌లో జీతం లేదు, ఖర్చులు కూడా ఆటగాళ్లే పెట్టుకోవాలి. చేతిలో నర్సు వృత్తి ఉంది. ఆమె ఆ వృత్తినే ఎంచుకుంది. మారుమూల ఆదివాసీ ప్రాంతాల్లో తన జనం మధ్య నర్సుగా పనిచేసింది.

పిల్లలూ, మీలో చాలామందికి ఈ ఎంపిక వస్తుంది. ఒక పక్క ఇష్టమైన ఆటో, పాటో, డోలో. ఇంకో పక్క ఇంట్లో పరిస్థితి, నర్సింగ్ సీటో, డీఎస్సీనో, కానిస్టేబుల్ ఉద్యోగమో. ఉద్యోగం ఎంచుకున్నవాళ్లను కల వదిలేశారని జాలిపడకండి. ఏజెన్సీలో వర్షాకాలం జ్వరాలొచ్చినప్పుడు వాగు దాటి వచ్చే ఏఎన్ఎమ్ విలువ మన గూడేలకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? మన భాషలో 'ఎక్కడ నొప్పి?' అని అడిగే నర్సు ఉంటే ముసలమ్మ భయపడకుండా సూది వేయించుకుంటుంది. ఫెయిత్ చేసింది ఆ పని. అయితే ఇంకో మాట కూడా అనాలి. ఆటకూ అన్నానికీ మధ్య ఒకటి తేల్చుకోవలసిన పరిస్థితి ఆమెకు రాకుండా ఉండవలసింది. ఆమె నిర్ణయం గొప్పదే, ఆమెను ఆ నిర్ణయం దాకా నెట్టిన పరిస్థితి మాత్రం గొప్పది కాదు. ఈ రెండింటినీ కలిపేయకూడదు.

ఆట వదిలాక కూడా ఆమె ఆటను మరిచిపోలేదు. ఆదివాసీ క్రీడాకారుల కోసం ఏర్పడిన జాతీయ సంస్థకు వ్యవస్థాపకుల్లో ఒకరైంది. తనకు తలుపు తెరుచుకుంది కదా అని లోపలికి వెళ్లి కూర్చోలేదు, వెనకవాళ్ల కోసం తలుపు పట్టుకుని నిలబడింది. 2019లో ఆ దేశం ఆమెకు 'ఆర్డర్ ఆఫ్ ఆస్ట్రేలియా' గౌరవం ఇచ్చింది. అదే ఏడు జూలైలో ఇంగ్లండ్‌లోని టాంటన్‌లో యాష్లీ గార్డ్‌నర్ తన మొదటి టెస్ట్ ఆడింది. ఆస్ట్రేలియాకు టెస్ట్ ఆడిన రెండో ఆదివాసీ మహిళ ఆమె. మొదటి ఆమెకు, రెండో ఆమెకు మధ్య 61 ఏళ్లు! తలుపు ఒకసారి తెరుచుకుంటే అదే తెరిచి ఉంటుందనుకుంటాం. ఉండదు. ఎవరో ఒకరు పట్టుకోకపోతే మూసుకుపోతుంది. ఫెయిత్ థామస్ 2023 ఏప్రిల్ 15న, 90 ఏళ్ల వయసులో కన్నుమూసింది. అడిలైడ్, పెర్త్ మహిళా జట్లు మహిళల బిగ్ బాష్ లీగ్‌లో తలపడినప్పుడు గెలిచినవాళ్లకు ఇచ్చేది ఆమె పేరు మీద ఉన్న ట్రోఫీయే.

ఇప్పుడు మన దేశం వైపు చూద్దాం. ఫెయిత్ పోయిన మూడు నెలలకు, 2023 జూలై 9న, బంగ్లాదేశ్‌లోని మీర్పూర్‌లో ఒక అమ్మాయి భారత జట్టు నీలం జెర్సీ వేసుకుంది. పేరు మిన్ను మణి. కేరళలో వయనాడ్ కొండల్లోని కురిచియ తెగ పిల్ల. తండ్రి కూలి పనిచేసేవాడు. ఆమె వరి మళ్లలో మగపిల్లలతో ఆడి క్రికెట్ నేర్చుకుంది. కేరళ నుంచి దేశానికి ఆడిన మొదటి ఆదివాసీ మహిళ ఆమె. తన మొదటి ఓవర్లోనే వికెట్ తీసింది. మానంతవాడిలో ఒక కూడలికి ఇప్పుడు ఆమె పేరే పెట్టారు. అదే ఏడు మొదలైన మహిళల ప్రీమియర్ లీగ్‌లో ఢిల్లీ జట్టు ఆమెను 30 లక్షలకు తీసుకుంది. 2022లోనే మన బోర్డు ఆడవాళ్లకూ మగవాళ్లతో సమానంగా మ్యాచ్ ఫీజు ప్రకటించింది: టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6 లక్షలు, టీ20కి 3 లక్షలు. ఫెయిత్ సొంత డబ్బు పెట్టుకుని ఆడవలసిన రోజుల నుంచి ఇక్కడి దాకా వచ్చాం. మన పక్కనే, భద్రాచలం నుంచి వెళ్లిన గొంగడి త్రిష 2025 అండర్-19 ప్రపంచకప్‌లో సెంచరీ కొట్టి, టోర్నీలో ఉత్తమ క్రీడాకారిణి అయింది. మన సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ 2014లో పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. దారి ఉంది. ఆ దారి మన గూడెం దాకా వచ్చిందా అన్నదే ప్రశ్న.

రావాలంటే ఏం చేయాలి? మూడు పనులు చెబుతాను. మూడూ చిన్నవే.

మొదటిది పెద్దలకు. మీ పిల్లల పుట్టిన తేదీ సరిగా రాయించండి. ఆధార్‌లో ఒకటి, బడి రిజిస్టరులో ఒకటి, జనన ధృవీకరణ పత్రంలో ఒకటి ఉంటే అండర్-15, అండర్-19 ఎంపికల్లో ఆ పిల్లను బంతి వేయకముందే వెనక్కి పంపిస్తారు. ఎంత బాగా ఆడినా కాగితం దగ్గర ఓడిపోవడం కంటే బాధ లేదు.

రెండోది ఉపాధ్యాయులకు, మా వార్డెన్లకు. సాయంత్రం ఆటల గంటను స్టడీ అవర్‌లో కలిపేయకండి. ఆడపిల్లలను మైదానం అంచున కూర్చోబెట్టి మగపిల్లల ఆట చూడమనకండి. ఉన్న ఒక్క బంతి ముందు వాళ్ల చేతికి ఇవ్వండి. జిల్లాలో ఎంపికలు ఎప్పుడో, హకీంపేట క్రీడా పాఠశాలకు నాలుగో తరగతిలో ఎలా చేర్చాలో కనుక్కుని నోటీసు బోర్డు మీద పెట్టండి. ఆ కబురు పట్నం పిల్లలకు ముందే తెలుస్తుంది. మన పిల్లలకు మనం చెబితేనే తెలుస్తుంది.

మూడోది మీకు, కాలేజీ చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. ఫెయిత్‌ను క్రికెట్‌కు పిలిచింది ఏ మంత్రీ కాదు, ఏ కోచ్ కూడా కాదు. పక్క మంచం నర్సు. నువ్వూ రా అంది, అంతే. మీరు పట్నంలో చూసిన ప్రతి అవకాశానికీ గూడెంలో ఉన్న ఒక చెల్లిని పిలవండి. ఫారం నింపిపెట్టండి, బస్సు ఎక్కడ ఎక్కాలో చెప్పండి, మొదటి రోజు తోడు వెళ్లండి. మొదట వెళ్లినవాళ్లు రెండో మనిషిని పిలవకపోతే ఏమవుతుందో ఇందాక విన్నారు. అరవై ఒక్క ఏళ్లు పడుతుంది.

మన పిల్లలు అన్నేళ్లు ఆగలేరు. ఆగనక్కర లేదు.

 జై ఆదివాసీ!